అమ్మ కుడి భుజం మీద ఎర్ర లైటు

ఆ ఆదివారం చర్చిలో అందరూ రెండు చేతులూ పైకెత్తి ప్రార్థన చేస్తుంటే మా అమ్మ ఒక్క చెయ్యే ఎత్తింది. ఎడమ చెయ్యి. కుడి చేతిని కొంగు కింద దాచుకుని నిలబడింది. ప్రార్థనలో కళ్లు మూసుకోవాలి, నిజమే. నేను తెరిచే ఉంచాను. పదిహేనేళ్లుగా జనం భుజాలూ నడుములూ మోకాళ్లూ చూసి బతుకుతున్నదాన్ని, మందిరంలోకి వచ్చినంత మాత్రాన ఆ చూపు మారదు.

బయటికి రాగానే చెప్పుల దగ్గర ఆపి, కుడి చెయ్యి తల వెనక పెట్టమన్నాను. జనం చూస్తున్నారంది. చూడనియ్యమన్నాను. చెయ్యి చెవి దాకా కూడా రాలేదు, భుజం ఎత్తులోనే ఆగిపోయింది. మూతి బిగించింది కానీ నొప్పి అనలేదు. మరి జుట్టు ఎలా దువ్వుకుంటున్నావని అడిగితే పిన్ని ముడి వేస్తోందని చెప్పింది. పిన్ని అంటే రక్త సంబంధం కాదు, అమ్మతో పాటు కూలికి వెళ్లే పక్కింటావిడ, నేను పుట్టినప్పటి నుంచీ పిన్నే. ఎప్పటినుంచి ఇలా అంటే ఎండాకాలం నుంచి అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అద్దంకిలో రెండు గదుల క్లినిక్ పెట్టుకుని ఊళ్లో వాళ్లందరి భుజాలకూ ఫిజియోథెరపీ చేసే కూతురు ఉంది, బస్సెక్కితే అరగంట దూరం, ఆమె మాత్రం నాలుగు నెలలుగా నోరు విప్పకుండా పక్కింటావిడ చేత ముడి వేయించుకుంటోంది. అక్కడే, పాస్టరుగారు చూస్తుండగానే, నాలుగు తిట్టాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అది కూడా ఆమె దగ్గర నుంచి వచ్చిందే.

ఆమె ఎందుకు దాచిందో తెలియాలంటే గంపల సంగతి చెప్పాలి.

అమ్మ కూలి ముఠాకి పెద్ద. మా పేటలో పద్నాలుగు మంది ఆడవాళ్లు ఆమె వెంట పత్తి తీతకూ మిరపకాయ కోతకూ వెళ్తారు. ఏ చేను ఒప్పుకోవాలో, ఎవరు ఏ సాలు పట్టాలో, ఒంట్లో బాగాలేని మనిషి సాలు ఎవరు కలుపుకుపోవాలో అంతా ఆమే చూస్తుంది. వేరే ముఠాల్లో కాయ గంప నిండితే ఇద్దరు చెరో పక్క పట్టి మూడో ఆమె నెత్తికెత్తుతారు. మా ముఠాలో అలా కాదు. సాలు చివర అమ్మ నిలబడుతుంది. నిండిన ప్రతి గంపనీ తానొక్కతే ఎత్తి, మోసే మనిషి తల మీద గుడ్డ చుట్టకుదురు నడిమికి సరిగ్గా దించుతుంది. ఎత్తేటప్పుడే బరువు ఆమె చేతికి తెలిసిపోతుంది. ఎక్కువైందనుకుంటే రెండు దోసిళ్లు తీసేసి పంపిస్తుంది. ముప్పై ఏళ్లుగా మా ముఠాలో ఒక్క మనిషికి మెడ పట్టలేదంటే అదే కారణం, ఇది నేను వైద్యం చదివాక తెలుసుకున్న మాట. వెదురు గంపలు పోయి ప్లాస్టిక్ టబ్బులు వచ్చినా మేం గంప అనే అంటాం. రైతులకు కూడా మా ముఠా పేరు గంపలెత్తే ఆమె ముఠా.

ఆ పద్ధతి పెట్టింది అమ్మే. పెట్టిన రోజున అందరి ముందూ ఒక మాట కూడా అనేసింది. గంప ఎత్తలేని రోజు వస్తే పెద్దరికం ఇంకొకరికి ఇచ్చేసి తాను చివరి సాలు పడతానంది. అప్పుడు వయసులో ఉంది, చేతులు ఇనుములా ఉన్నాయి, అనేసింది. ఇప్పుడు అరవైకి దగ్గర పడింది. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. కుడి చెయ్యి లేవడం లేదని బయటపడితే ముప్పై ఏళ్లు నిలబడిన చోటు నుంచి పక్కకు జరగాలి. అందుకే కొంగు కింద దాచింది.

ఇంకో సంగతి. అందరి తలలకూ గంపలెత్తిన మా అమ్మ నా తలకి ఒక్కసారి కూడా ఎత్తలేదు. బడికి సెలవులిస్తే చేలోకి తీసుకెళ్లేది, కాయ కోయనిచ్చేది. నా ఈడు పిల్లలు చిన్న గంపలు పెట్టుకుని గట్టు మీద ఒయ్యారంగా నడుస్తుంటే నాకూ సరదా పుట్టి, నాదీ ఎత్తమని వెంటపడ్డాను. "నీ తల మీద నేను పెట్టను," అంది. ఎందుకంటే చెప్పలేదు. నా గంప లాక్కుని పిన్ని గంపలో కుమ్మరించింది. నేను ఆ రోజంతా అలిగి కూర్చున్నాను. ఇప్పుడు ఎవరు కనిపించినా నన్ను చూపించి మా అమ్మాయి డాక్టరమ్మ అంటుంది. డాక్టర్ని కాదమ్మా, ఫిజియోథెరపిస్టునని ఎన్నిసార్లు సరిదిద్దినా "అదేలేవే" అని కొట్టిపారేస్తుంది.

ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఫొటో తీయించాను, షుగరు పరీక్ష చేయించాను. ఎముక బాగానే ఉంది, షుగరు లేదు. భుజం కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడి బిగుసుకుపోయింది. ఆ వయసులో చాలామందికి వస్తుంది. ఆలస్యంగానైనా నయమవుతుంది, కానీ రోజూ కదిలించాలి, కదిలిస్తే నొప్పి, నొప్పికి భయపడి ఆపితే ఇంకా బిగుస్తుంది. ఇంతలో ఆ యేడు మా ముఠాకి మిరప ఒప్పుకున్న రైతు పిన్నిని దారిలో ఆపి, ఆమెకు చెయ్యి బాగాలేదంట గదా, ఈసారి గంపలు నువ్వెత్తుతావా అని అడిగాడు. పిన్ని ఏడుపు మొహంతో వచ్చి చెప్పింది. అమ్మ జనవరి ఆఖర్లో మొదటి కోత దాకా ఆగమని కబురు పెట్టింది. అంటే మా చేతిలో ఉన్నది నాలుగు నెలల పైచిలుకు.

వారానికి మూడు రోజులు క్లినిక్కి రావడం మొదలుపెట్టింది, పిన్ని తోడుగా. నా దగ్గర స్టాండుకి బిగించిన ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపు ఒకటుంది. జనం దాన్ని ఎర్ర లైటు అంటారు. ముసలాళ్లకు అదంటే మోజు. వ్యాయామం చేయమంటే ఇంటికి పోయి మర్చిపోతారు, ఎర్ర లైటు పెట్టలేదంటే మాత్రం పోట్లాడతారు. మొదటి రోజు అమ్మ దాన్ని పైకీ కిందికీ చూసి ఇదేం చేస్తుందని అడిగింది. కంటికి కనపడే ఎర్ర వెలుగుతో పాటు కనపడని వెలుగు కూడా వస్తుందనీ, దాని వెచ్చదనం చర్మాన్ని దాటి కొంచెం లోపలికి దిగుతుందనీ, అక్కడ రక్తం బాగా ఆడి కండ వదులవుతుందనీ, నొప్పి కాస్త తగ్గుతుందనీ చెప్పాను. మరి పొద్దుటి ఎండలో ఉండదా అది అంది. ఉంటుందన్నాను. "మరి యాభై ఏళ్ల నుంచీ ఎండలోనే గదే ఉన్నా. భుజం ఎందుకు బిగిసింది?" అంది. పక్క మంచం మీద నడుం నొప్పికి పడుకున్న రిటైర్డు టీచరుగారు పడీపడీ నవ్వారు.

తర్వాత తాపీగా చెప్పాను. లైటు భుజాన్ని లేపదు. ఒక అరగంట సేపు నొప్పిని పక్కకు నెడుతుంది. ఆ అరగంటలో నువ్వు చెయ్యి లేపాలి. నిజానికి నాకు తెలిసిన ఉపయోగం అంతే, ఎవరడిగినా అంతే చెప్తాను. అమ్మకు ఆ మాట నచ్చింది. చేసేది తానేనన్న మాట ఎప్పుడూ నచ్చుతుంది ఆమెకు.

ఆ రోజుల్లోనే ఒకాయన టై కట్టుకుని పెద్ద ఎర్ర లైట్ల పలక అమ్మడానికి వచ్చాడు. ఒంటి నిండా పడుతుందట. మోకాళ్లు, షుగరు, నిద్ర, జుట్టు, కంటి చూపు, అన్నిటికీ అదేనట. ఇలాంటి లైట్ల మీద పెద్ద పెద్ద వాళ్లు పరిశోధనలు చేస్తున్నారని నాకూ తెలుసు, కొన్నిటికి మేలు కనపడుతోందంటారు, కొన్నిటికి ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తేలిందని చెప్పే మనిషిని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేను నోరు తెరిచేలోగా ఆయన లైటు కింద కూర్చున్న అమ్మ వైపు తిరిగి, రోజూ పెట్టుకుంటే మీ వయసు పదేళ్లు తగ్గుతుందమ్మా అన్నాడు. అమ్మ అతన్ని జాలిగా చూసింది. "పదేళ్లు వెనక్కి పోతే దీని క్లినిక్కు గోడలు మళ్లీ కట్టి తడపాల. ఇరవై ఏళ్లు పోతే దీని కాలేజీ మళ్లీ మొదలు. వద్దు నాయనా, నీకు పుణ్యం ఉంటది," అంది. ఆయన పలక సర్దుకుని వెళ్లిపోయాడు. నాకు ఆమెను అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇంటి దగ్గర వ్యాయామానికి వరండా గోడ ఎంచుకున్నాం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకాలి. ఎంత దాకా వెళ్తే అంత దాకా గీత. మొదటి రోజు బొగ్గుతో గీసిన గీత ఆమె భుజం ఎత్తులో ఉంది. పై గీత ఎక్కడ పెట్టాలని అడిగితే అమ్మ పిన్నిని పిలిచింది. ముఠాలో అందరికంటే పొడగరి పిన్ని. ఆమెను గోడకు ఆనించి, తల మీద ఖాళీ గంప పెట్టి, గంప అడుగు వచ్చిన చోట గీత గీయించింది. అక్కడికి వేళ్లు అందితే ఎవరి గంపైనా ఎత్తొచ్చు. రెండు గీతలకూ మధ్య ఎంత దూరం ఉందో చూసి నాకు లోపల భయం వేసింది. బయటికి మాత్రం, ఇదెంత అన్నాను.

అమ్మ ఆ గోడను వదల్లేదు. పొద్దున కాఫీకి ముందు, పనికి వెళ్లబోయే ముందు, వచ్చాక. అప్పుడు పత్తి తీత నడుస్తోంది. ఎడం చేత్తో పత్తి తీస్తూ సాయంత్రానికి ఇంటికొచ్చి కుడి చేత్తో గోడ పాకేది. గీతలు ఒకదాని మీద ఒకటి లేచాయి. ఒక్కో వారం వేలెడు, ఒక్కో వారం అదీ లేదు. డిసెంబరు వచ్చేసరికి చెవి దాటింది. ఒక రోజు తన ముడి తానే వేసుకుని క్లినిక్కి వచ్చింది. వంకరగా ఉంది. సరిచేయబోతే చెయ్యి నెట్టేసింది.

సరిగ్గా అప్పుడే నేను తప్పు చేశాను.

ఆ రోజు పిన్ని ముందుగా ఎవరి చేలోనో పచ్చిమిరపకాయ కోతకు వెళ్లి, అటునుంచి అటే వచ్చింది. వచ్చేముందు బోరు దగ్గర చేతులు కడుక్కుంది. నా గది ఖాళీ అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుని, ఇంట్లో రోజూ చేస్తున్నట్టే అమ్మ భుజానికి నూనె పట్టించింది. ప్రేమతో, కసిగా, బాగా రుద్దింది. నేను అమ్మను లోపలికి పిలిచి భుజం తుడిచి, ఎప్పుడూ పెట్టే దూరంలోనే లైటు పెట్టాను. పక్క గదిలో మోకాలి నొప్పి పెద్దాయన కేకేస్తుంటే, కాస్త వేడి తగులుతుంది ఓర్చుకో అని చెప్పి వెళ్లాను. ఓర్చుకో! ఆ మాట ఎవరితో అనాలి, ఎవరితో అనకూడదో తెలియద్దూ నాకు?

తిరిగొచ్చి చూసేసరికి అమ్మ కాళ్ల వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. మొహమంతా చెమట. కళ్లు మూసుకుని లోపల్లోపల ప్రార్థన చేస్తోంది. భుజం కందిపోయి పండు మిరపకాయలా ఉంది. లైటు లాగేసి, తడిగుడ్డ తెచ్చి వేశాను. ఆమె ఒక్కసారి ఎగిరిపడింది.

"చెప్పొద్దా నాకు? పిలవొద్దా?" అని అరిచాను.

"నువ్వే గదే ఓర్చుకోమంది. కోత దగ్గర పడతందని ఇవాళ వేడి పెంచావేమో అనుకున్నా. తొందరగా లేస్తదని."

కన్నతల్లిని నా చేతుల్తో నేనే కాల్చానని అనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది, చేత్తో కళ్లు తుడుచుకున్నాను. అంతే. కన్ను భగ్గుమంది. రెండో కన్ను కూడా. మూడు నిమిషాలు నేను అదే గదిలో గుడ్డిదానిలా గోడలు పట్టుకుని తిరిగాను. ఆ మంట ఏమిటో గుంటూరు, ప్రకాశం నేలల్లో పుట్టినదానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మిరప ఘాటు నీళ్లకు పోదు. నూనెలో కలిస్తే చర్మానికి బాగా పడుతుంది. పైనుంచి వేడి తగిలిందా, పొయ్యి మీద పెట్టినట్టే. పిన్ని చేతులకు ఆ మంట ఎప్పుడో తెలియడం మానేసింది, ఏళ్ల తరబడి కోసిన చేతులవి. రోజూ రుద్దే నూనే కదా అని నేను అడగలేదు. చదివిన చదువులో చర్మం మీద ఏముందో ముందుగా అడగమని ఉంది. మా అమ్మను మాత్రం అడగలేదు, అమ్మే కదా అని.

వైద్యం కూడా ఆమే చెప్పింది. "నీళ్లు పొయ్యమాకే. నూనె రాసి తుడువు, ఆనక పెరుగు పెట్టు," అంది నొప్పితోనే. పిన్ని గుమ్మంలో నిలబడి తన చేతులు తానే చూసుకుంటూ ఏడుస్తోంది. పెరుగు కోసం ఎదురింటికి పరిగెత్తింది నేనే, ఎర్రటి కళ్లతో. నా కళ్లను చూసి ఆ ఇంటావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది.

పేటలో మాత్రం కథ వేరేలా తిరిగింది. కూతురి ఎర్ర లైటు తల్లిని కాల్చిందట. వారం తిరక్కుండానే మా ఊరి నుంచి రావలసిన ఇద్దరు రావడం మానేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు లైటుదీ కాదు, పిన్నిదీ కాదు, నాది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు. కనపడిన వాళ్లందరి మీదా చిరాకు పడుతూ తిరిగాను. అమ్మ రెండు రోజులు చూసి, చర్చిలో స్త్రీల కూడికకు రమ్మంది. అక్కడ పాటలయ్యాక లేచి నిలబడి, భుజం మీద కొంగు తీసి అందరికీ చూపించింది. జరిగిందంతా చెప్పింది, తాను ఎలా ఓర్చుకుందో, నేను గోడలు పట్టుకుని ఎలా తిరిగానో నటించి మరీ చూపించింది. పిన్నితో సహా అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆఖర్న నా వైపు తిరిగి, ఇక నువ్వు చెప్పు అని కూర్చుంది.

నేను లేచి, అడగాల్సిన మాట అడగలేదు, తప్పు నాదేనని చెప్పాను. మర్నాడు క్లినిక్ తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: మిరప చేలో నుంచి వచ్చారా? లైటు పెట్టకముందే చెప్పండి. ఇప్పటికీ ఉంది అది. వేరే ఊళ్ల నుంచి వచ్చే నా తోటి వాళ్లు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు, మా అమ్మ భుజం మీద నేర్చుకున్నాను. ఆ కాగితం చూస్తే నాకు సిగ్గు వేయదు ఇప్పుడు, గర్వంగానే ఉంటుంది.

చర్మం మామూలయ్యేదాకా రెండు వారాలు లైటు లేదు. అమ్మ గోడను ఆపలేదు. వరండాలోకి పొద్దుటి ఎండ వచ్చే వేళకు వీపు అటు పెట్టి నిలబడి, వెచ్చబడ్డాక వేళ్లు పాకించేది. నీ లైటు లేకపోయినా దేవుడి లైటు ఉందిలే అని నన్ను ఉడికించేది. లైటు లేని ఆ రెండు వారాల్లో గీత రెండు వేళ్లు లేచింది. దానికి నేను మురిసిపోవాలో, నా ల్యాంపును చూసి బాధపడాలో తెలియలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఎవరు కేకేసినా కదల్లేదు.

మొదటి కోతకు ముందు రోజు వెళ్లి కొలిచాను. పై గీతకు నాలుగు వేళ్లు తక్కువ. చేతిని వెనక నుంచి నెట్టి చూశాను, లేవలేదు. ఇంకో రెండు నెలలుంటే వచ్చేదని, ఖాళీ చెయ్యి వేరు బరువుతో చెయ్యి వేరని, మళ్లీ దెబ్బ తగిలితే మొదటికొస్తుందని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆమె లోపలికి వెళ్లి చుట్టకుదురు గుడ్డ ఉతుక్కుంది.

మర్నాడు క్లినిక్కి తాళం వేసి చేలోకి వెళ్లాను. ఎందుకొచ్చావంది. కాయ కోయడానికి అన్నాను. నాకు పిన్ని పక్క సాలు ఇచ్చింది. నేను చేలో దిగి పాతికేళ్లు దాటింది. చెట్ల నిండా పండు కాయ. గంట తిరిగేసరికి నా నడుం పట్టేసింది, వేళ్లు భగభగలాడాయి, ఆడవాళ్లంతా నా చుట్టూ చేరి డాక్టరమ్మా మీ నడుముకి ఎవరు లైటు పెడతారని ఆటపట్టించారు. గంపలు నిండడం మొదలయ్యాక మాత్రం అందరి చూపూ అమ్మ మీదికి మళ్లింది. రైతు గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు.

అమ్మ సాలు చివర కాళ్లు ఎడం చేసి నిలబడింది. మొదటి గంప పొట్టి మనిషిది. ఎత్తింది. రెండోది, మూడోది. ప్రతిదానికీ ముందు చేత్తో బరువు చూసి, తీయాల్సిన కాడ దోసిలి తీసి పక్కన పోసింది. నేను కాయ కోయడం మానేసి ఆమె భుజాన్నే చూస్తున్నాను. వచ్చిన వాళ్లని వచ్చినట్టు పంపింది. చిట్టచివర పిన్ని వచ్చింది. వచ్చి, ఎవరికీ తెలియకుండా మోకాళ్లు కొంచెం వంచింది. ఆ నాలుగు వేళ్ల సంగతి ఆమెకూ తెలుసు మరి.

అమ్మ గంపను నడుం దాకా ఎత్తి ఆగింది. "నిటారుగా నిలబడవే," అంది.

పిన్ని నిలబడింది. గంప అమ్మ ఛాతీ దాటింది, మొహం దాటింది. ఆపైన కుడి చెయ్యి లేవలేదు. నేను ముందుకు ఒక అడుగు వేసి, ఆగిపోయాను. అమ్మ మడమలు నేల మీంచి లేచాయి. మునివేళ్ల మీద నిలబడి, ఆ నాలుగు వేళ్ల ఎత్తునూ కాళ్లతో లాగి, గంపను పిన్ని తల మీద చుట్టకుదురు నడిమికి దించింది. పిన్ని కదలకుండా నిలబడిపోయింది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పోవే, నడువు, వెనక పని ఉంది అని అమ్మ ఆమెను వీపు మీద చరిచి పంపించింది.

ఇక నా గంప ఒక్కటే మిగిలింది. నిండుగానే కోశాను. తెచ్చి ఆమె ముందు పెట్టి, నెత్తిన గుడ్డ చుట్టుకుని, నాదీ ఎత్తమ్మా అన్నాను. ఆమె నన్ను చూసింది. వంగి గంప పట్టుకుంది. నేను తల సరిచేసుకుని కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు అలిగిన ఆ రోజు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. గంప లేచిన చప్పుడు, ఆమె ఊపిరి, కాయల గలగల వినిపించాయి. బరువు మాత్రం దిగలేదు. ఎంతసేపటికీ దిగలేదు.

కళ్లు తెరిచాను. గంప ఆమె తల మీదే ఉంది. ఎవరి సాయమూ లేకుండా తన నెత్తికి తానే ఎత్తుకుంది. ఆ పని ఎంత కష్టమో చేలో ఉన్న అందరికీ తెలుసు, రెండు చేతులూ పూర్తిగా తల మీదికి వెళ్తే తప్ప కుదరదు. గట్టు మీద ట్రాక్టరు వైపు నడిచి పోతోంది అప్పటికే.

"నీ తల మీద పెట్టనని ఎప్పుడో చెప్పా గదే," అంది వెనక్కి తిరక్కుండా. "ఎంత లేచిందో రాసుకో."

ఖాళీ తలతో, నెత్తిన గుడ్డ చుట్టుకుని, మంటెక్కిన చేతులు గాల్లో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రైతు గట్టు దిగి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. ముఠాలో కొత్త మనిషిలా ఉన్నారు, ఎవరమ్మా మీరు అని అడిగాడు.

డాక్టరమ్మనని చెప్పలేదు, ఫిజియోథెరపిస్టునని కూడా చెప్పలేదు.

"గంపలెత్తే ఆమె కూతుర్నండి," అన్నాను.